దొంగ కుంచం

సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం. మన పాత కొలతల్లో ఒక్కోటీ దాని ముందుదానికి రెట్టింపు. పెన్ డ్రైవుల లెక్క కూడా అంతే: 8, 16, 32, 64, 128. రెంటికీ ఇంకో పోలిక ఉంది. కుంచం అడుగును లోపలికి నొక్కి, పైకి మాత్రం నిండుగా కనిపించేట్టు గింజలు కొలిచిపోసే వ్యాపారుల కథలు మన పల్లెల్లో పెద్దవాళ్ళు చెప్పగా వినే ఉంటారు. ఆ దొంగ కుంచమే ఇప్పుడు బొటనవేలంత సైజులో, మెరిసే లోహపు తొడుగులో, పోస్టులో ఇంటికొస్తోంది.

ఇక్కడ ఐర్లండ్‌లో వీటిని ఎక్కువగా మెమరీ స్టిక్కులంటారు. ఆన్‌లైన్‌లో వెతికితే 1 టీబీ, 2 టీబీ స్టిక్కులు పదిహేను, ఇరవై యూరోలకు కనిపిస్తాయి. ఆ ధరకు డబ్లిన్‌లో ఇద్దరు కూర్చుని కాఫీ తాగి చెరో కేకు ముక్క తినొచ్చు. నిజంగా అంత చోటున్న స్టిక్కు కొనాలంటే దానికి కొన్ని రెట్లు పెట్టాలి. ధర చూస్తేనే అనుమానం రావాలి కదా అంటారు. కంప్యూటరుకు తగిలించి చూస్తే అనుమానం ఎగిరిపోతుంది. తెర మీద 1 టీబీ అనే చూపిస్తుంది మరి. కంప్యూటర్ అబద్ధం చెప్తుందని ఎవరనుకుంటారు?

లూకన్‌లో మా వీధిలోనే ఉండే ఒకమ్మాయి పోయిన ఏడాది అలాంటిదొకటి పట్టుకుని మా ఇంటికొచ్చింది. ఒంగోలు దగ్గర వాళ్ళ ఊరు. అంతకుముందు వేసవిలో ఇంటికెళ్ళినప్పుడు, వాళ్ళ నాన్నగారి పాత లాప్‌టాప్‌లో ఉన్నవన్నీ ఆ స్టిక్కులోకి ఎక్కించుకుంది. మొత్తం 140 జీబీ. రాత్రంతా పట్టింది. ముందే వరసగా ఫోల్డర్లు చేసిపెట్టుకుని, మొదట పెళ్ళి వీడియోలు, తర్వాత పిల్లల ఫోటోలు, ఆఖర్న నాయనమ్మ పాటలు ఎక్కించింది. అవి పదకొండు రికార్డింగులు. దంపుళ్ళ పాటలు, మంగళహారతులు, మధ్యమధ్యలో ఆవిడ దగ్గు, వెనకాల కోడికూత. నాయనమ్మ పోయి రెండేళ్ళయింది. లాప్‌టాప్‌ను ఫార్మాట్ చేసి ఎవరికో చదువుకునే కుర్రాడికి ఇచ్చేశారు.

"అన్నయ్యా, పేర్లన్నీ కనిపిస్తున్నాయి. సైజులు కూడా సరిగ్గానే ఉన్నాయి. కానీ పాటలు మోగట్లేదు. ఇది రిపేర్ అవుద్దా?" అని అడిగింది.

ఆ ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. స్టిక్కు బాగవుతుందా అన్నది ఒకటి. పాటలు వస్తాయా అన్నది ఇంకొకటి. మొదటిదానికి జవాబు: అవుతుంది, కొంతవరకు. రెండోదానికి జవాబు చెప్పాలంటే ఆ స్టిక్కు లోపల ఏం జరిగిందో చెప్పాలి.

ప్లాస్టిక్ తొడుగు విప్పితే సాధారణంగా రెండు నల్లటి చిప్పులు కనిపిస్తాయి. ఒకటి ఫ్లాష్ చిప్పు. ఇది గాదె. కరెంటు తీసేసినా రాసింది నిలిచివుండే ఈ రకం మెమరీని జపాన్‌లో తోషిబా కంపెనీలో పనిచేస్తూ ఫుజియో మసువోకా 1980లలో తయారుచేశాడు. రెండోది కంట్రోలర్. ఇది గుమాస్తా. కంప్యూటర్ ఎప్పుడూ గాదెలోకి తొంగిచూడదు. అన్నీ గుమాస్తానే అడుగుతుంది. తగిలించగానే అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి, "నీ దగ్గర ఎన్ని గదులున్నాయి, ఒక్కో గది ఎంత?" అని. గుమాస్తా తన చివరి గది నంబరు, గది సైజు చెప్తాడు. సాధారణంగా ఒక్కో గది 512 బైట్లు. రెండూ గుణించి కంప్యూటర్ తెర మీద అంకె వేస్తుంది. నిజంగా అన్ని గదులున్నాయా అని తిరిగి చూసే అలవాటు దానికి లేదు.

ఈ గుమాస్తాను పెట్టింది మోసానికి కాదు. ఫ్లాష్ చిప్పులు ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే కొన్ని పనికిరాని గదులతో వస్తాయి, వాడేకొద్దీ ఇంకొన్ని పాడవుతాయి. ఏ గది మంచిది, ఏది చెడ్డది, దేనికి బదులు దేన్ని వాడాలి అని క్షణక్షణం లెక్క చూసుకునేవాడు ఒకడుండాలి. అందుకే ప్రతి స్టిక్కులోనూ ఒక బుల్లి కంప్యూటర్, దానికి ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రాం ఉంటాయి. ఈ విషయం మీద బాగా పనిచేసిన ఇంజనీరు ఆండ్రూ హువాంగ్, 'బన్నీ' అనే పేరుతో ప్రసిద్ధుడు. మైక్రో ఎస్‌డీ కార్డుల్లోని ఈ బుల్లి కంప్యూటర్ చేత మనకు నచ్చిన ప్రోగ్రాం నడిపించవచ్చని 2013లో జర్మనీలో జరిగిన ఒక సదస్సులో, ఇంకో ఇంజనీరుతో కలిసి చూపించాడు. మంచివాడు మార్చగలిగిందాన్ని దొంగవాడూ మార్చగలడు. 32 జీబీ చిప్పు పెట్టి, గుమాస్తా చేతిలో 1 టీబీ అని రాసిన చీటీ పెడితే సరిపోయింది. పైన పటారం, లోన లొటారం.

ఇప్పుడు మనం 140 జీబీ ఎక్కిస్తున్నాం అనుకోండి. మొదటి 32 దాకా ఏ గొడవా లేదు. ఆ తర్వాత గుమాస్తా స్వభావాన్ని బట్టి రెండు రకాలు. ఒక రకం, గాదె నిండాక మళ్ళీ మొదటి గది నుంచి మొదలుపెట్టి, పాతవాటి మీదే కొత్తవి రాసేస్తుంది. రెండో రకం, నిండాక వచ్చిన ప్రతి మూటనీ "తీసుకున్నాను" అని చెప్పి గాల్లోకి వదిలేస్తుంది. తిరిగి అడిగితే సున్నాలో, చెత్తో ఇస్తుంది. రెండు రకాల్లోనూ ఎక్కిస్తున్నంతసేపూ ఒక్క హెచ్చరిక కూడా రాదు.

ఆ అమ్మాయి స్టిక్కు రెండో రకం. ఫైళ్ళ పేర్లు, సైజులు, తేదీలు రాసుకునే పట్టిక వేరే ఉంటుంది. ఫోల్డర్లు ముందే చేసిపెట్టుకుంది కాబట్టి ఆ పట్టికకు మొదట్లోనే, నిజంగా ఉన్న గదుల్లో చోటు దొరికింది. అందుకే పేర్లు నిక్షేపంగా ఉన్నాయి. పెళ్ళి వీడియోల్లో మొదటివి చక్కగా ఆడుతున్నాయి. ఆ తర్వాతవన్నీ నేతిబీరకాయలో నెయ్యే. ఎక్కించిన వెంటనే ఒకటి రెండు పాటలు పెట్టి చూస్తే మోగాయి కదా అంది. అవి మోగింది స్టిక్కులోంచి కాదు. ఇప్పుడిప్పుడే చూసినదాన్ని కంప్యూటర్ కాసేపు తన మెమరీలోనే ఉంచుకుంటుంది, అక్కడినుంచి మోగాయి. స్టిక్కు తీసి మళ్ళీ పెట్టి చూస్తే తప్ప అది పరీక్ష కాదు.

కనుక రెండో ప్రశ్నకు జవాబు ఆ రోజే చెప్పేశాను. ఈ స్టిక్కులోంచి పాటలు రావమ్మా. చెరిగిపోయినవైతే వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్లున్నాయి, ల్యాబులున్నాయి. ఇవి చెరిగిపోలేదు, అసలు ఎప్పుడూ రాయబడలేదు. లేని గదిలో ఎంత తవ్వినా ఏం దొరుకుతుంది? తెలియని చోట ఇస్తే "రికవరీ" పేరుతో వందల యూరోలు తీసుకుని ఇదే మాట చెప్తారు. తను చాలాసేపు ఏమీ అనలేదు.

మొదటి ప్రశ్న, అంటే స్టిక్కును బాగుచెయ్యడం, ఒక విధంగా దానిచేత నిజం చెప్పించడమే. దానికి ముందు కొలవాలి.

కొలిచే పద్ధతి మన పెద్దలదే. కుంచం మీద అనుమానం వస్తే తెలిసిన సోలతో పోసి చూస్తారు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం సరిగ్గా అదే చేస్తుంది. జర్మనీలోని ఒక కంప్యూటర్ పత్రికలో పనిచేసిన హరాల్డ్ బోగెహోల్జ్ రాశాడు. స్టిక్కు నిండా తనకు తెలిసిన సమాచారం రాసి, మొదటినుంచీ చదివి, రాసిందే వచ్చిందా లేదా అని చూస్తుంది. లినక్స్, మాక్ వాడేవాళ్ళకు మిచెల్ మచాడో రాసిన ఎఫ్3 ఉంది. స్టీవ్ గిబ్సన్ 2023లో విడుదల చేసిన వాలిడ్రైవ్ అక్కడక్కడా కొన్ని వందల చోట్ల రాసి చదివి కొద్ది నిమిషాల్లో తేల్చేస్తుంది. పూర్తిగా నింపి చూడటానికి ఓపిక కావాలి. సెకనుకు 10 ఎంబీ వేగంతో 64 జీబీ రాయడానికే దాదాపు గంటా ముప్పావు. నిజంగా 1 టీబీ ఉంటే 27 గంటలు దాటుతుంది. కానీ ఆ ఒక్కరోజు, పోయిన పాటలతో పోలిస్తే చాలా చవక.

అసలు ఎంతో తెలిశాక మరమ్మతుకు రెండు దారులు.

మొదటిది తేలిక. స్టిక్కు మీద ఉన్నదంతా చెరిపేసి, నిజంగా ఉన్నంత మేరకే, కొంచెం తక్కువగానే ఒక పార్టిషన్ చేసి, మిగతాది ఖాళీగా వదిలెయ్యడం. 32 తేలితే 28కే గీత గియ్యండి. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చెయ్యొచ్చు, లినక్స్‌లో ఎఫ్3తో పాటు వచ్చే ఎఫ్3ఫిక్స్ చేస్తుంది. ఇందులో గుమాస్తా మారడు. వాడు ఇంకా 1 టీబీ అనే చెప్తుంటాడు, మనమే గీత దాటి అడగం. ఎవరైనా తెలియక మళ్ళీ మొత్తం ఫార్మాట్ చేస్తే మోసం మొదటికొస్తుంది.

రెండోది గుమాస్తాకే బుద్ధి చెప్పడం. చిప్‌జీనియస్ లాంటి ప్రోగ్రాంతో లోపలి కంట్రోలర్ ఏ కంపెనీదో, ఏ మోడలో కనుక్కోవాలి. ఆల్కోర్, ఫైసన్, సిలికాన్ మోషన్, చిప్స్‌బ్యాంక్, ఫస్ట్‌చిప్, ఇలా చాలా ఉన్నాయి. ఫ్యాక్టరీల్లో ఫర్మ్‌వేర్ ఎక్కించడానికి ఆయా కంట్రోలర్లకు వేరువేరు సాఫ్ట్‌వేర్లుంటాయి. మోసగాళ్ళు వాడేదీ అదే, మనం వాడేదీ అదే. ఆ సాఫ్ట్‌వేర్ ఫ్లాష్ చిప్పును గది గదీ పరీక్షించి, చెడ్డవాటిని కొట్టేసి, మిగిలినదాన్నిబట్టి అసలు లెక్క రాస్తుంది. సరిగ్గా జరిగితే ఆ స్టిక్కు ఏ కంప్యూటరుకు పెట్టినా నిజమే చెప్తుంది.

కాకపోతే ఈ సాఫ్ట్‌వేర్లు మామూలు కొనుగోలుదారులకోసం విడుదల చేసినవి కావు. బయటికి జారినవి. చాలావరకు రష్యన్ సైట్లలో దొరుకుతాయి. వైరస్ లేకుండా దొరుకుతాయని ఎవరూ హామీ ఇవ్వరు. పనికిరాని పాత కంప్యూటర్ మీద, ఇంటర్నెట్ తీసేసి నడపడం క్షేమం. మోడల్‌కు సరిపోని వెర్షన్ ఎక్కిస్తే స్టిక్కు మళ్ళీ కంప్యూటరుకు కనిపించనే కనిపించదు. ఒక్కోసారి తొడుగు విప్పితే అసలు చిప్పులే ఉండవు, ఒక మైక్రో ఎస్‌డీ కార్డు అతికించి ఉంటుంది. ఎక్స్‌టర్నల్ డ్రైవుల్లోనైతే బరువు రావడానికి ఇనప నట్లు పెట్టిన ఘనులు కూడా ఉన్నారు. మూటలో రాళ్ళు కలిపే విద్య ఎక్కడికీ పోలేదు.

ఆ అమ్మాయి స్టిక్కును మొదటి పద్ధతిలో 28కి కుదించి ఇచ్చాను. ఇచ్చేటప్పుడు ఒక మాట చెప్పాను. ఇలాంటివాటిలో పెట్టే చిప్పులు తరచుగా నాసిరకానివి, పెద్ద కంపెనీలు పక్కన పడేసినవి. గుమాస్తా నిజం చెప్పడం మొదలుపెట్టినంత మాత్రాన గాదె గోడలు గట్టిపడవు. కార్లో పాటలకో, లైబ్రరీలో ప్రింటవుటు తీసుకోవడానికో వాడుకోవాలి తప్ప, రెండోసారి దొరకనిదేదీ అందులో పెట్టకూడదు.

పాటల సంగతి ఇంకా మిగిలింది. పదకొండు పేర్లు, పదకొండు తేదీలు, లోపల ఏమీ లేదు. ఆ పట్టిక చూస్తుంటే నాకు ఈ ఊరి కథే గుర్తొచ్చింది.

డబ్లిన్‌లో లిఫీ నది ఒడ్డున ఫోర్ కోర్ట్స్ అనే పెద్ద న్యాయస్థాన భవనం ఉంది. ఐర్లండ్ ప్రభుత్వ దస్తావేజుల భాండాగారం ఒకప్పుడు ఆ ఆవరణలోనే ఉండేది. ఏడు వందల ఏళ్ళ రికార్డులు. 1922 జూన్ 30న, అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, అక్కడ పేలుడు, మంటలు. కాలిన కాగితాలు ఊరి మీద ఎగిరిపడ్డాయి. 1821 నుంచి 1851 వరకు జరిగిన నాలుగు జనాభా లెక్కల పత్రాల్లో చాలాభాగం ఆ రోజే బూడిదైంది. తమ ముత్తాతల పేర్లు వెతుక్కునే ఐరిష్ వాళ్ళు ఇప్పటికీ ఆ గోడ దగ్గర ఆగిపోతుంటారు.

అయితే మూడేళ్ళ ముందు, 1919లో, అక్కడే పనిచేసే హెర్బర్ట్ వుడ్ అనే అధికారి ఆ భాండాగారంలో ఏమేం ఉన్నాయో చెప్పే ఒక సూచిక పుస్తకం అచ్చువేయించాడు. రికార్డులు పోయాయి, సూచిక మిగిలింది. వందేళ్ళపాటు అది పోయినవాటి జాబితాగానే ఉంది. తర్వాత డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ చరిత్రకారులు ఆ జాబితానే చేత్తో పట్టుకుని వెతకడం మొదలుపెట్టారు. ఈ దస్తావేజుకు ఎవరైనా నకలు రాసుకున్నారా? లండన్‌కు ఒక ప్రతి వెళ్ళిందా? బెల్‌ఫాస్ట్‌లో ఉందా? ఎవరైనా పండితుడు తన నోటుపుస్తకంలో ఎత్తిరాసుకున్నాడా? అలా దొరికిన నకళ్ళతో కాలిపోయిన భాండాగారాన్ని కంప్యూటర్లో మళ్ళీ కట్టి, 2022 జూన్ 27న, మంటలకు నూరేళ్ళు నిండే వారంలో, అందరికీ ఉచితంగా తెరిచారు. బూడిదలోంచి కాగితాలు రాలేదు. వేరేచోట ఉన్న ప్రతులు వచ్చాయి, అదీ ఏవి వెతకాలో చెప్పే పట్టిక ఉండబట్టి.

అదే పని చెయ్యమన్నాను. స్టిక్కును చెరిపే ముందే పదకొండు పేర్లు, తేదీలు, నిడివి కాగితం మీద రాసుకుంది. ఆ తేదీల్లో ఇంట్లో ఎవరెవరున్నారో గుర్తుచేసుకుంది. సంక్రాంతికి తీసినవాటిని అప్పుడే కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టారట. డల్లాస్‌లో ఉన్న పెద్దనాన్న కొడుకు ఫోన్‌లో మూడు దొరికాయి. విజయవాడలో బాబాయి మార్చి పడేసిన పాత ఫోన్‌కు చార్జరు వెతికి పెడితే అందులో ఇంకో మూడు. ఒకటి మేనత్తకు ఎవరో పంపగా ఆవిడ దాచుకుంది, సగంలో తెగిపోయింది. ఏడు వచ్చాయి. నాలుగు రాలేదు. రానివాటిలో, వడ్లు దంచుతూ పాడే పెద్ద పాట ఒకటుందట. దాని మొదటి రెండు చరణాలు మేనత్తకు నోటికొచ్చు. ఆవిడచేత పాడించి ఇప్పుడు ఆ పేరు కిందే పెట్టారు.

ఇంకొక్క సంగతి, ఇక్కడున్నవాళ్ళకు. మరమ్మతు చెయ్యడానికి కూర్చునేముందు డబ్బు వెనక్కి అడగండి. స్టిక్కును చెరిపేశాక సాక్ష్యం పోతుంది కాబట్టి, ముందే పరీక్ష ఫలితాన్ని ఫోటో తీసిపెట్టుకోండి. 2022 నవంబరు 29 నుంచి అమల్లో ఉన్న ఐర్లండ్ వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం, చెప్పినట్టు లేని సరుకును అందిన 30 రోజుల్లోగా తిప్పికొట్టి పూర్తి డబ్బు అడగొచ్చు. ఆ తర్వాత కూడా హక్కులున్నాయి, దారి కొంచెం పొడుగు. అమ్మినవాడు యూరప్ బయటివాడైతే చట్టం చెయ్యి అంత తేలిగ్గా అందదు. అప్పుడు కార్డు ఇచ్చిన బ్యాంకును చార్జ్‌బ్యాక్ అడగడం మేలు. సలహాకు సీసీపీసీ అనే ప్రభుత్వ సంస్థ ఉంది, ఫోన్ చేస్తే ఓపిగ్గా చెప్తారు. బాగుచెయ్యలేనిదాన్ని చెత్తబుట్టలో వెయ్యకుండా కౌన్సిల్ రీసైక్లింగ్ సెంటర్లో ఇస్తే ఎలక్ట్రానిక్ సరుకు కింద ఉచితంగా తీసుకుంటారు. ఇంకొకరికి మాత్రం ఇవ్వకండి, ఊరికే ఇచ్చినా సరే.

డేటా సెంటర్లే ఈ దేశపు కరెంటులో 2023లో 21 శాతం వాడుకున్నాయని ప్రభుత్వ లెక్క. ప్రపంచం జ్ఞాపకాలన్నీ ఇక్కడి షెడ్లలో హోరుమంటూ తిరుగుతుంటే, మన ఇళ్ళలోవి మాత్రం సొరుగులో చిల్లర నాణేల మధ్య పడుంటాయి. సెలవులకు ఇండియా వెళ్ళొచ్చిన ప్రతి ఇంట్లోనూ అలాంటి స్టిక్కు ఒకటైనా ఉంటుంది. ఈ శనివారం దాన్ని బయటికి తీయండి. ముందు అందులో ఉన్నవాటిని తెరిచి చూడండి, పేర్లు చూసి ఊరుకోకండి. చివర్లో ఎక్కించినవి తప్పకుండా చూడండి. తెరుచుకున్నవాటిని ఇంకో రెండు చోట్లకు ఎక్కించండి, అందులో ఒకటి వేరే ఊళ్ళో ఉన్న తోడబుట్టినవాళ్ళ దగ్గరైతే మరీ మంచిది. ఆ తర్వాత స్టిక్కును కొలవండి. తక్కువ తేలితే ఒక చిన్న కాగితం ముక్క మీద అసలు అంకె రాసి, దాని మీద అతికించండి. ఆ అమ్మాయి స్టిక్కు మీద ఇప్పుడు నీలం సిరాతో 28 అని ఉంది.